పాత కారులోని వెనీర్ చెక్కకు మళ్లీ మెరుగు పెట్టే విధానం

ముప్పై ఏళ్లు హైదరాబాదు ఎండలో నిలిచిన కారు తలుపు తీసి చూస్తే, గేరు రాడ్డు చుట్టూ, తలుపుల మీదా ఉన్న చెక్క పట్టీలు ఇంచుమించు ఒకే తీరుగా పాడై ఉంటాయి. పైన సాలెగూడు అల్లినట్టు సన్నని పగుళ్లు, అంచుల దగ్గర గోరు తగిలితే ఊడివచ్చే పెచ్చులు, పెచ్చు కింద గాలి చేరినచోట పాలు ఒలికినట్టు తెల్లటి మరక. చూసినవారు చెక్క పోయిందంటారు. చాలా సందర్భాల్లో చెక్కకు ఏమీ కాదు. దాని మీది పాలిష్ పొర ఎండకు పెళుసుబారి, చెక్కతోపాటు సాగలేక, ముడుచుకోలేక పగిలిపోతుంది. ఈ తేడా ముందే తెలిసి ఉండాలి, ఎందుకంటే వెనీర్ అనేది పలక కాదు, అడుగు పలకకు అతికించిన పల్చటి చెక్క రేకు. దాని మందం మామూలుగా అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. మీదనున్న పాలిష్ పొర ఒక్కోసారి అంతకంటే మందంగా ఉంటుంది. పాలిష్‌ను పూర్తిగా తీయాలి, కింది చెక్కను మాత్రం అరగనివ్వకూడదు. పనిలోని కష్టమంతా ఇదే.

నా కారు 1996 నాటి మెర్సిడెస్ ఈ220. ఆ కంపెనీ మన దేశంలో 1995లో పుణెలో బిగించడం మొదలుపెట్టిన డబ్ల్యు124 తరానికి చెందినది. మొదట నేను ఒక తలుపు పట్టీని నగరంలోని ఒక వర్క్‌షాపుకు ఇచ్చాను. అక్కడి కుర్రవాడు దాన్ని బల్ల మీద పెట్టి సాండర్ మిషన్ ఆడించాడు. పది నిమిషాల్లో పాలిష్ పోయింది, దాంతోపాటు పట్టీ మధ్యలో అరచేయంత మేర చెక్క చారలు కూడా పోయి, అడుగునున్న పాలిపోయిన ప్లై బయటపడింది. ఆ పట్టీకి పూర్తిగా కొత్త వెనీర్ వేయించవలసి వచ్చింది. మిగిలిన ముక్కలన్నీ ఇంట్లోనే చేసుకున్నాను. ఇక్కడ రాస్తున్నది ఆ అనుభవమే.

పని మొదలుపెట్టే ముందు మీ కారులోనిది అసలు చెక్కేనా అన్నది చూసుకోవాలి. ప్లాస్టిక్ మీద చెక్క బొమ్మ అచ్చువేసిన పట్టీలు చాలా కార్లలో ఉంటాయి, వాటికి ఈ పద్ధతి ఏదీ పనికిరాదు. యాష్‌ట్రేనో, ఒక స్విచ్చునో తీసి, దాని రంధ్రపు అంచును టార్చిలైటు వెలుగులో చూడండి. అసలు వెనీర్ అయితే పైన అద్దంలాంటి పొర, దాని కింద గోధుమరంగు గీతలాగా చెక్క, ఆ కింద ప్లైవుడ్డో అల్యూమినియం రేకో వరుసగా కనిపిస్తాయి. అచ్చు బొమ్మ అయితే రంగు పైపైనే ఆగిపోయి, కింద అంతా నల్లటి ప్లాస్టిక్ ఉంటుంది. అడుగున ప్లైవుడ్డా, లోహమా అన్నది అప్పుడే రాసిపెట్టుకుంటే, తరవాత జిగురు ఎంచుకునేటప్పుడు పనికివస్తుంది.

ముక్కలు విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్యాలి. తొంభైల నాటి కార్లలో కొన్ని రేడియోలు కరెంటు తెగితే కోడ్ అడుగుతాయి కాబట్టి, ఆ నంబరు దగ్గర ఉందో లేదో ముందే చూసుకోవడం మంచిది. ప్రతి ముక్క వెనకా పెన్సిలుతో దాని స్థానం రాసి, దాని స్క్రూలను విడిగా ఒక కవరులో వేసి, విప్పుతున్న ప్రతి దశలోనూ ఫోనుతో ఫోటో తీసుకోవాలి. జాగ్వార్, రోల్స్‌రాయిస్ వంటి కార్లలో డ్యాష్‌బోర్డు మధ్యగీతకు ఒకవైపు చారలు రెండో వైపుకు అద్దంలో ప్రతిబింబంలా కుదిరేటట్టు వరుస రేకులను తెరిచి అతికిస్తారు. అలాంటి ముక్కల్లో ఒక్కదాన్ని మార్చినా జత చెడుతుంది కాబట్టి ఎంత దెబ్బతిన్నా పారవేయకూడదు. ఇంకొక జాగ్రత్త: క్లిప్పులు ఏళ్ల తరబడి వేడికి ఎండి ఉంటాయి, స్క్రూడ్రైవరుతో ఒకచోటే ఎత్తితే పట్టీ మధ్యలో విరుగుతుంది. ప్లాస్టిక్ బద్దతో రెండు కొసల నుంచీ కొద్దికొద్దిగా ఎత్తుకుంటూ రావాలి.

విప్పాక చేయవలసిన మొదటి పని కడగడం, దీన్ని చాలామంది వదిలేస్తారు. కారు కడిగేచోట డ్యాష్‌బోర్డుకు కొట్టే మెరుపు స్ప్రేలలో సిలికోన్ ఉంటుంది. పగుళ్లలోంచి అది చెక్కలోకి దిగి ఉంటే, చివర్లో మీరు కొట్టే పాలిష్ అక్కడక్కడా చేపకన్నులాగా గుండ్రంగా విడిపోయి గుంటలు పడుతుంది. పెయింటు దుకాణంలో దొరికే, మైనాన్నీ జిడ్డునూ తీసే ద్రావణంతో, ప్రతిసారీ గుడ్డ మారుస్తూ, రెండు మూడుసార్లు తుడవండి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డును ఒకచోటి నుంచి మరొకచోటికి పూసినట్టే అవుతుంది.

తరవాత ఆ పాలిష్ ఏ జాతిదో కనుక్కోవాలి. ముక్క వెనక అంచున, బయటికి కనపడనిచోట, స్పిరిట్‌లో తడిపిన దూదిని ఒక నిమిషం ఆనించి ఉంచండి. పొర మెత్తబడి దూది వేలికి అంటుకుంటే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు చలించకపోతే, పక్కన ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌తో అదే పరీక్ష చేయండి. జిగటగా కరిగితే నైట్రోసెల్యులోజ్ ల్యాకర్, అంటే చాలా పాత కార్లలో వాడినది. రెండింటికీ అసలు కదలక, గాజులాగా అలాగే ఉంటే అది పాలియెస్టరో, పాలియురెథేనో (పి.యు.) అయి ఉంటుంది. నా కారులో థిన్నర్ దూది ఐదు నిమిషాలు ఉంచినా మెరుపు కూడా తగ్గలేదు.

లక్క, ఎన్.సి. పొరలను తీయడం తేలిక. థిన్నర్‌లో తడిపిన గుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ కాగితం వేసి పావుగంట వదిలితే పొర మెత్తబడుతుంది, ప్లాస్టిక్ బద్దతో తోసేయవచ్చు. పాలియెస్టర్ దగ్గరే ఓపిక కావాలి. దానికి స్ట్రిప్పర్ (పాత పొరను లేపే రసాయనం) పట్టినా కరగదు, ఉబ్బి పెచ్చులుగా లేస్తుంది. పెయింటు తీసే కాస్టిక్ ద్రావణాలను మాత్రం దగ్గరికి రానివ్వకండి. అవి అల్యూమినియాన్ని తినేస్తాయి, చెక్కను నల్లబరుస్తాయి. నేను హీట్ గన్ వాడాను. సెట్టింగు తక్కువలో పెట్టి, గన్‌ను నాలుగు అంగుళాల దూరంలో ఒకచోట ఆపకుండా ఆడిస్తూ, ఇప్పటికే పెచ్చు లేచిన మూల నుంచి మొదలుపెట్టాలి. పొర వేడెక్కగానే మెల్లగా చిటచిటమంటుంది, ఆ క్షణంలో అంచులు గుండ్రం చేసిన పుట్టీ బ్లేడును దాదాపు చెక్కకు సమాంతరంగా, చారల వాటంలోనే తోస్తే పొర కలకండ పలుకుల్లాగా విడిపోతుంది. ఎదురు వాటంలో తోస్తే పెచ్చుతోపాటు చెక్క పీచు కూడా లేస్తుంది. అడుగున లోహం ఉంటే అది వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి, చేయి పెట్టలేనంత వేడెక్కితే ఆపి చల్లారనివ్వాలి, లేకపోతే పాత జిగురు కరిగి వెనీరే బుడగలాగా ఉబ్బుతుంది. జానెడు ముక్కకు నాకు గంటన్నర పట్టింది.

వేడికి లొంగని మూలల్లో మిథిలీన్ క్లోరైడ్ ఉన్న స్ట్రిప్పర్ వాడవలసి రావచ్చు. దాన్ని గదిలో వాడకండి. డాబా మీద, గాలికి ఎగువన నిలబడి, రసాయనాలకు తట్టుకునే గ్లౌజులు వేసుకుని వాడాలి. మామూలు దుమ్ము మాస్కు దాని ఆవిరిని ఆపదు. అన్నిటికంటే ముఖ్యం, స్ట్రిప్పర్ పూసినచోట హీట్ గన్ పెట్టకూడదు, ఆ ఆవిరి అధిక వేడికి విషవాయువుగా మారుతుంది. రెండూ వాడవలసివస్తే ముందు వేడి పని ముగించి, మరుసటి రోజు స్ట్రిప్పర్ పట్టండి.

పొర పోయాక మిగిలే పొట్టును మన వడ్రంగులు పూర్వం గాజు పెంకుతో గీకేవారు. పదునైన స్క్రేపర్ రేకు ఉంటే అది చాలు. ఎమ్రీ కాగితం చివరికే, అదీ 240 నంబరుకు తక్కువ కాకుండా, చెక్క దిమ్మకు చుట్టి, వాటంలోనే నాలుగైదు సార్లు. అంచుల దగ్గరా వంపుల దగ్గరా దిమ్మ బరువంతా ఒక గీత మీద పడి వెనీర్ అక్కడే ముందు తెగుతుంది కాబట్టి, ఆ అంచులకు ముందుగానే టేపు అంటించి, చివరన టేపు తీసి వేలితో రెండుసార్లు రాస్తే సరిపోతుంది.

ఇప్పుడు లేచిన చోట్లు అతికించడం. ప్లైవుడ్ మీద వెనీర్‌కు చాలామంది తెల్ల ఫెవికాలే వాడతారు. ఇంటి ఫర్నిచర్‌కు అది సరైనదే. మే నెలలో అద్దాలు మూసి ఎండలో ఆపిన కారులో డ్యాష్‌బోర్డు పైభాగం 70 డిగ్రీల చుట్టుపక్కలకు చేరుతుంది, ఆ వేడికి తెల్ల జిగురు మెత్తబడి వెనీర్ మళ్లీ లేస్తుంది. కాబట్టి డ్యాష్‌బోర్డు మీది ముక్కలకూ, అడుగున లోహం ఉన్న ముక్కలకూ నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీనే వాడాలని నా అభిప్రాయం. ఐదు నిమిషాల్లో గట్టిపడేది వద్దు, దానికి వేడిని తట్టుకునే గుణం తక్కువ. తలుపు కింది పట్టీలకు ఫెవికాల్ చాలు. లేచినచోట చెక్క వాటంలో బ్లేడుతో సన్నగా గీసి, లోపలి దుమ్మును ఊది, సిరంజితో జిగురు ఎక్కించి, పైన ప్లాస్టిక్ కాగితం, దానిపైన చదును పలక పెట్టి క్లాంపు బిగించండి. ప్లాస్టిక్ మరిస్తే పలకా పట్టీ ఒకటైపోతాయి. ఇరవై నాలుగు గంటలు కదపవద్దు.

వెనీర్ ఊడిపోయి ఖాళీ పడినచోట అతుకు వేయాలి. చతురస్రంగా కోసిన అతుకు ఎంత బాగా కుదిరినా కంటికి కొడుతుంది, అడ్డంగా ఉన్న గీతను కన్ను వెంటనే పట్టేస్తుంది. పడవ ఆకారంలో, రెండు కొసలూ వాటంలో సన్నబడేటట్టు కోస్తే కనిపించదు. కొత్త రేకును చారలు సరిపోయేలా పాతదాని మీద పరిచి టేపుతో నిలిపి, కొత్త బ్లేడుతో రెండు పొరలనూ ఒకేసారి కోయండి. అప్పుడు గుంటా అతుకూ ఒకే కొలతకు వస్తాయి. నా కారులోది జీబ్రానో, ఆఫ్రికాలో పెరిగే చెట్టు కలప. చారలు నిటారుగా నల్లగా ఉంటాయి కాబట్టి వాటికి వాటిని కలపడం సులువైంది. వాల్‌నట్ బొడిపె చెక్కలో సుళ్లు తప్ప చారలుండవు, అతుకు అంచుల మీద సన్న కుంచెతో ముదురు రంగు చుక్కలు పెట్టి కళ్లను మాయచేయవలసిందే. కావలసిన చెక్క రేకులు ప్లైవుడ్, వెనీర్ దుకాణాల్లో కొసరు ముక్కలుగా అడిగితే ఇస్తారు. క్లాంపులు, బ్లేడులు, వాటర్ పేపర్లు అన్నీ సికింద్రాబాదులోని రాణిగంజ్‌లో ఒక పూటలో దొరుకుతాయి.

నీళ్లు దిగి నల్లబడిన మచ్చలుంటే ఆక్సాలిక్ యాసిడ్ పనిచేస్తుంది. అది విషం, పొడిని పీల్చకూడదు, గ్లౌజులు తప్పనిసరి. వేడినీళ్లలో కరిగించి, మచ్చ మీద మాత్రమే కుంచెతో పూసి, మచ్చ తేలికపడగానే తడిగుడ్డతో నాలుగైదుసార్లు తుడవాలి. మన బోరునీళ్లు ఆరితే తెల్లటి సున్నపు మరక మిగులుతుంది, కాబట్టి చివరి తుడుపుకు ఫిల్టరు నీళ్లు వాడండి. వెనీర్‌ను నానబెట్టకూడదు, ఒకవైపే ఎక్కువ తడిస్తే రేకు అప్పడంలాగా వంకర తిరుగుతుంది.

రంగు విషయంలో తొందరపడవద్దు. శుభ్రమైన చెక్కను తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే, పాలిష్ పడిన తరవాత ఎలా కనిపిస్తుందో ఆ తడి ఆరేలోపు కనిపిస్తుంది. చాలా సందర్భాల్లో ఆ రంగే చాలు, స్టెయిన్ అక్కర్లేదు. వాల్‌నట్ మాత్రం చాలా చెక్కలకు భిన్నంగా ఎండకు వెలిసి పాలిపోతుంది, దానికి స్పిరిట్‌లో కలిపే గోధుమ స్టెయిన్ పల్చగా రెండు మూడు చేతులు (పూతలు) వేయవచ్చు. ఎండ తగలని ఒక ముక్కను, ఉదాహరణకు గ్లవ్‌బాక్సు లోపలి అంచును, పక్కన పెట్టుకుని పోల్చుకుంటూ వేయండి. కొన్ని కార్లలో రంగు చెక్కలో కాక పాలిష్‌లోనే కలిపి ఉంటుంది. పొర తీయగానే చెక్క ఊహించినదానికంటే లేతగా కనబడితే కంగారుపడనక్కర్లేదు.

ఇక పాలిష్ కొట్టడానికి కాలం చూసుకోవాలి. ఇది ముహూర్తం వంటిదే. జూలై నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తేమ ఎక్కువ, ఎన్.సి. కొడితే తెల్లగా మబ్బు పడుతుంది, పి.యు. కొడితే అందులోని హార్డెనర్ (గట్టిపరిచే ద్రావణం) తేమతో కలిసి బుడగలు వేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పాలిష్ గన్ను నుంచి ముక్కను చేరేలోపే సగం ఆరి, ఇసుకలాగా గరుకుగా పడుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఉదయం మంచు విడిచాక తొమ్మిది నుంచి పదకొండు మధ్య వేళ అన్నిటికంటే అనువైనది. తప్పనిసరిగా ఎండాకాలంలో చేయవలసివస్తే నెమ్మదిగా ఆరే థిన్నర్ అడిగి తీసుకోండి.

అడుగు పొరగా మైనం తీసిన లక్కను స్పిరిట్‌లో పల్చగా కలిపి ఒక చేయి వేస్తే చెక్క లోతు తేలుతుంది. మామూలు లక్క పొలుసుల్లో సహజంగా మైనం ఉంటుంది, దాని మీద పి.యు. పట్టు నిలవదు, కరిగించిన లక్కను సీసాలో రెండు రోజులు కదపకుండా ఉంచి, మైనం అడుక్కు దిగాక పైతేటను మాత్రమే వంచుకోవచ్చు. ఈ గొడవంతా వద్దనుకుంటే పి.యు. సీలర్‌తోనే మొదలుపెట్టండి. పై పొరకు నేను ఎండను తట్టుకునే, రెండు డబ్బాల్లోవి కలిపి కొట్టే రకం పి.యు. క్లియర్ వాడాను. పాలియెస్టర్ కంటే పల్చగా పడుతుంది, అసలు పొర లోతు రావాలంటే చేతులు ఎక్కువ వేయాలి, కానీ అది ఇంట్లో చేయదగిన పని. పాలియెస్టర్‌కు వేసే కోబాల్ట్ ద్రావణమూ, పెరాక్సైడ్ హార్డెనరూ నేరుగా ఒకదానిలో ఒకటి కలిస్తే పేలే ప్రమాదం ఉంది, అందువల్ల దాన్ని అలవాటున్నవారికే వదిలివేయడం మేలు.

పి.యు. హార్డెనర్‌లోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఉబ్బసం తెప్పించగలదు. కార్ట్రిజ్ ఉన్న మాస్కు వేసుకుని, పిల్లలు తిరగనిచోట కొట్టాలి. నేలను నీళ్లతో తడిపి దుమ్ము అణిచి, 1.3 లేదా 1.4 మిల్లీమీటర్ల నాజిల్‌తో, డబ్బా మీద రాసిన పాళ్లను కొలిచి కలిపి, పల్చటి తడిపొరగా కొట్టండి. రోజుకు ఒక్క చేయి. మరుసటి రోజు 320 లేదా 400 నంబరు వాటర్ పేపరుతో తేలిగ్గా రుద్ది, తుడిచి, మళ్లీ కొట్టాలి. నాలుగు చేతుల తరవాత ఒక వారం వదిలేస్తే పొర చెక్క రంధ్రాల్లోకి కుంగి గుంటలు కనబడతాయి, అప్పుడు దిమ్మతో చదును చేసి మరో నాలుగు చేతులు వేయాలి. స్విచ్చుల రంధ్రాల అంచుల్లో పొర పేరుకుంటే స్విచ్చులు కూర్చోవు. ప్రతి రెండు చేతులకోసారి సన్న ఆకురాయితో ఆ అంచులను శుభ్రం చేయడం నేను రెండో ముక్క నుంచి నేర్చుకున్నాను.

చివరి రుద్దుడుకు తొందరపడి నేను ఒక ముక్కను పాడుచేసేవాడినే. మా ఇంటి సోఫాలకు పాలిష్ పెట్టడానికి వచ్చిన పాతబస్తీ పెద్దాయన ఆ ముక్కను చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టి వాసన చూసి, "ఇంకా థిన్నర్ వాసన పోలేదు సార్, వచ్చే ఆదివారం దాకా ముట్టుకోకండి" అన్నారు. ఆ పరీక్ష నేను ఇప్పటికీ వాడుతున్నాను. వాసన పూర్తిగా పోవడానికి చలికాలంలో రెండు మూడు వారాలు పడుతుంది. అప్పుడు 1000, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్లను వరుసగా, సబ్బునీళ్లతో, దిమ్మ పెట్టి రుద్దండి. ఒక నంబరు పొడవునా రుద్దితే తరవాతిది అడ్డంగా రుద్దాలి. ముందరి గీతలు పోయాయో లేదో అప్పుడే తెలుస్తుంది. తరవాత కారు పెయింటుకు వాడే రబ్బింగ్ కాంపౌండుతో మెత్తటి గుడ్డ చుట్టి మెరుగు తేవాలి. మిషన్ వాడితే అంచులు వేడెక్కి కాలుతాయి, ఇంత చిన్న ముక్కలకు చేయే మేలు.

బిగించేటప్పుడు స్క్రూలను చేతితో ఆగేంతవరకే తిప్పండి. వేసవిలో ముక్క సాగడానికి వెంట్రుకవాసి చోటు కావాలి. బిగదీస్తే స్క్రూ చుట్టూనే కొత్త పగులు మొదలవుతుంది. ప్లాస్టిక్‌కు ఆనే అంచుల్లో సన్నని ఫెల్ట్ టేపు అంటిస్తే కీచుమనే చప్పుడు కూడా ఉండదు. తరవాత కారును ఎండలో ఆపినప్పుడు అద్దానికి లోపలివైపు వెండిరంగు తెర వేయడం, సర్వీసుకు ఇచ్చినప్పుడు డ్యాష్‌బోర్డుకు మెరుపు స్ప్రే కొట్టవద్దని ముందే చెప్పడం అలవాటు చేసుకోండి. మిగిలిన స్టెయిన్‌ను, వెనీర్ కొసరు ముక్కలను, ఏ పాళ్లలో కలిపారో రాసిన చీటీతో సహా ఒక డబ్బాలో వేసి డిక్కీలో కాకుండా ఇంట్లో దాచండి. డిక్కీ వేడికి స్టెయిన్‌లోని స్పిరిట్ ఆవిరైపోయి, మళ్లీ అవసరపడేనాటికి సీసాలో గోధుమరంగు పొడి మాత్రమే మిగులుతుంది.